గ్రహణం మీద మావారి ఉపన్యాసం

గాజుపలకకు మసి పట్టించడం అప్పడం కాల్చినంత తేలిక కాదు. మంటకు మరీ దగ్గరగా పెడితే గాజు టప్పున చిట్లుతుంది. దూరంగా పెడితే మసి మచ్చలుమచ్చలుగా అంటుకుంటుంది. కిరసనాయిలు దీపానికి చిమ్నీ తీసేసి, వత్తి కాస్త పైకి లాగి, పలక అంచును పట్టకారుతో పట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. మద్రాసు వెళ్ళి ఎఫ్.ఏ. దాకా చదువుకున్నాను గనక ఇలాంటి పనులు నాకు బాగా వచ్చు.

1898 జనవరిలో వారం రోజుల పాటు నేను చేసిన పని అదే. ఆ ఏడు చొల్లంగి అమావాస్య నాడే సూర్యగ్రహణం పడుతుందని పంచాంగమూ చెప్పింది, మద్రాసు నుంచి వచ్చే ఇంగ్లీషు పత్రికా చెప్పింది. ఆ రెండూ ఒక మాట మీద నిలబడటం నాకు తెలిసి అదే మొదలు.

మావారు కాకినాడలో మిషను బడిలో సైన్సు మేష్టారు. మా ఇల్లు వంతెన దాటాక జగన్నాథపురంలో. చొల్లంగి దగ్గర సముద్రస్నానానికి వెళ్ళే జనమంతా మా వీధి చివర నుంచే నడిచి పోవాలి. వంతెన దిగిన చోట బల్ల వేసుకుని, వచ్చేపోయే వాళ్ళకు మసిగాజుల్లోంచి గ్రహణం చూపించి, అది పాము మింగడం కాదు, చంద్రుడు అడ్డం రావడం అని చెప్పాలని ఆయన సంకల్పం. బడి నడిపే దొరగారు మెచ్చుకుని బల్లా, రెండు బెంచీలూ ఇచ్చారు. గాజులూ, మసీ, ఉపన్యాసమూ నేను ఇచ్చాను.

ఆయనకు ఆలోచన ఇంగ్లీషులో వస్తుంది, గొంతు తెలుగులో వస్తుంది. మధ్యలో ఉన్న పని నాది. ఏ విషయం మీద మాట్లాడాలో చెప్పి ఆయన బడికి వెళ్ళిపోతారు. నేను వంటయ్యాక కూచుని తెలుగులో రాసి పెడతాను. దాన్ని ఆయన ముందుగా చదువుకోరు. చదివితే పాచిపోతుందంటారు. జనం ముందు కాగితాలు బల్ల మీద పరుచుకుని, చూస్తూ చూడనట్టు చదివేస్తారు. వినేవాళ్ళకు అప్పటికప్పుడు తట్టినట్టే ఉంటుంది. తెర మీద లాంతరు బొమ్మలు వేసే రోజున చీకట్లో ఆ గొంతు ఒక్కటే వినబడుతుంటే, అవి ఆయన మాటలేనని నేను కూడా నమ్మేస్తూ ఉంటాను.

ఈ ఉపన్యాసంలో ఒక్క పేరా మాత్రం ముందే చదివి వినిపించాను. అప్పటికి నాకు అయిదో నెల.

"గర్భిణులు గ్రహణం చూసినంత మాత్రాన కడుపులో బిడ్డకు ఏ హానీ కలగదు. గ్రహణం మొర్రి అనే పేరే తప్పు. పెదవి చీలి పుట్టిన బిడ్డలు గ్రహణాలు లేని ఏడాదుల్లోనూ పుడుతున్నారు. ఆ నెపం తల్లి మీద వేయడం అజ్ఞానం."

ఆయన తల ఊపారు. "బాగుంది. సూటిగా ఉంది."

"ఇంట్లో కూడా ఒకసారి చదవండి."

"ఇంట్లోనా? ఎవరికి?"

"అత్తయ్యగారికి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. దాని మీద మసి ఏమీ లేదు. "అమ్మ పెద్దదైపోయింది రూతూ. ఆవిడకిప్పుడు చంద్రుడి నీడ గురించి చెప్పి ఏం బావుకుంటాం? కాసేపు లోపల పడుకుంటే నీకు పోయేదేముంది?"

"పోయేదేమీ లేదండి. మరి వంతెన దగ్గర వాళ్ళకు మాత్రం ఎందుకు చెప్పడం? వాళ్ళూ కాసేపు లోపల పడుకుంటారు."

"వాళ్ళు వేరు."

"అవునండి. వాళ్ళు మీ అమ్మగారు కారు."

ఆయన నవ్వారు. నేను హాస్యమాడినప్పుడల్లా నవ్వుతారు. మిగతా సంగతి మర్చిపోవడానికి అది ఆయనకు చాలా అనువైన పద్ధతి.

మిగతా సంగతి ఏమిటంటే, రెండేళ్ళ కిందట ఒక చంద్రగ్రహణం వచ్చింది. అప్పుడు నా కడుపులో మొదటి బిడ్డ. దొరగారి దుర్భిణి అడిగి తెచ్చి, నడిరాత్రి నన్ను నిద్ర లేపి, "రూతూ, లే, ఇలాంటిది మళ్ళీ ఎప్పుడు చూస్తావు" అని వసారాలోకి పిలిచింది ఆయనే. నా కంటికి సరిపోయేలా దుర్భిణి తిప్పి పట్టుకున్నదీ ఆయనే. చాలా బాగుంది. మర్నాడు పొద్దున్న నేనే సంబరంగా మా అత్తగారితో, చందమామ రాగిచెంబులా ఉందండీ అని చెప్పాను. ఎవరు పిలిచారో చెప్పడం అవసరం అనిపించలేదు, అప్పుడు.

బిడ్డ ముక్కు దాకా చీలిన పెదవితో పుట్టింది. రొమ్ము పట్టలేదు. దూదివత్తి పాలలో ముంచి నోట్లో పిండేదాన్ని, సగం ముక్కులోంచి వచ్చేసేది. నెల తిరక్కుండానే పోయింది. పేరు పెట్టడానికి ఆలోచిస్తూనే ఉన్నాం, అందాకా చిన్నమ్మాయి అనేవాళ్ళం. సమాధి మీద కూడా అదే.

"నడిరాత్రి లేచెళ్ళి మరీ చూసొచ్చింది. చదువుకున్నాననే పొగరు," అని మా అత్తగారు వచ్చిన ప్రతి మనిషికీ చెప్పి ఏడ్చింది. ఆయన గుమ్మంలో నిలబడి తలుపు గడియ వంక చూస్తూ ఉండిపోయారు. పిలిచింది నేనమ్మా అనలేదు. పోనీ, దానికీ దీనికీ సంబంధం లేదమ్మా అని కూడా అనలేదు. ఆ మాట నేనే అనొచ్చు. అంటే, పోయిన బిడ్డ నెపం మొగుడి మీదికి తోసింది అంటారు. అది ఆయన నోట రావలసిన మాట. వస్తుందని కాచుకున్నాను. రెండేళ్ళయ్యేసరికి కాచుకోవడం కూడా ఇంటిపనుల్లో కలిసిపోయింది.

నాకు కావలసిందల్లా అదొక్కటే. గ్రహణం మీద ఆయన చెప్పబోయే అన్ని మాటల్లో ఒక్కటి, ఇంట్లో, తల్లి ముందు.

మా అత్తగారి గురించి కొంచెం చెప్పాలి. ఆవిడ పేరు సువార్తమ్మ. పెళ్ళికి ముందే కోనసీమలో ఏదో కాలవలో బాప్తిస్మం పొందింది. ఆదివారం గుడి మానదు, అన్నానికి ముందు ప్రార్థన మానదు. కానీ మొగుడి పేరు పలకకూడదన్న పట్టింపు మాత్రం ఆ కాలవలో మునగలేదు. మామగారి పేరు పౌలు. బైబిల్లో సంఘాలకు పత్రికలు, అంటే ఉత్తరాలు, రాసిన ఆయన పేరూ అదే. అంచేత ఆ పేరు వచ్చినప్పుడల్లా ఆవిడ "ఆ పత్రికలు రాసినాయన" అంటుంది. దొరసానిగారు ఒకసారి బైబిలు క్లాసులో, దమస్కు దారిలో వెలుగు చూసి పడిపోయింది ఎవరు అని అడిగితే, "మా అబ్బాయి తండ్రి పేరుగలాయన" అని జవాబు చెప్పింది. దొరసానిగారు అది తప్పు జవాబు అనుకున్నారు. ఆ పట్టింపు విషయంలో నేనూ తక్కువదాన్ని కాదు. మద్రాసు చదువు చదివినా ఆయన పేరు నా నోట రాదు. ఎందుకు రాదంటే ఏమో. కొన్ని సంగతులు చదువుకు అందవు.

గ్రహణం ముందురోజు ఆవిడ ఊరగాయ జాడీలన్నీ వరసగా పెట్టుకుని కూచుంది. పక్కన కిందటేడు మట్టల ఆదివారం గుళ్ళో ఇచ్చిన ఈతాకులు, ఎండిపోయి గలగలలాడుతూ. ఒక్కో ఆకూ తుంపి ఒక్కో జాడీలో వేస్తోంది.

"అవెందుకు అత్తయ్యగారూ?"

"గ్రహణానికి. పాడవకుండా."

"దర్భ కదండీ వేస్తారు?"

"దర్భ వాళ్ళు వేస్తారు. మనం క్రైస్తవులం." ఇంకో ఆకు తుంపింది. "కామందుగారి ఇంట్లో పెద్దమ్మగారు వేస్తుంటే వాకిట్లోంచి చూసేదాన్ని. అప్పట్లో మాకు దర్భా లేదు, ఏ ఆకూ లేదు."

"ఎందుకని?"

"దాచుకోడానికి ఊరగాయ ఉంటే గదా." ఆ మాట ఆవిడ నవ్వకుండా, ఏడవకుండా అంది. ఆవిడ మీద నాకు పూర్తిగా కోపం రాకపోవడానికి ఇలాంటివి కొన్ని కారణాలు ఉన్నాయి. పిల్లల్ని కాపాడుకునే పట్టింపులు కూడా ఉన్నవాళ్ళ ఇళ్ళలో చూసి నేర్చుకోవలసి వచ్చిన మనిషి.

ఆ సాయంత్రం దొరసానిగారు వచ్చారు. "రూతమ్మా, నీ భర్త ఈ పట్టణమునకు దీపము వంటివాడు. రేపు నీవు తప్పక రావలెను. ఆడవారికి ప్రత్యేకముగా ఒక బెంచీ వేయించితిని," అన్నారు. ఆవిడ తెలుగు బైబిల్లోంచి నేర్చుకున్నారు. ఎప్పుడు మాట్లాడినా ఏదో ఒక ప్రవక్త మా వసారాలో కూచున్నట్టే ఉంటుంది.

నేను ఆయన వంక చూశాను. ఆయన వాళ్ళమ్మ వంక చూశారు.

"దానికి ఒంట్లో బాగోలేదండి," అంది మా అత్తగారు.

"అవునండి, నలతగా ఉంది," అన్నారు ఆయన.

మర్నాడు పెందరాళే ఆయన కోటు తొడుక్కుని, నా కాగితాలు జేబులో, నా గాజులు బుట్టలో పెట్టుకుని వంతెన దగ్గరకు వెళ్ళిపోయారు. గ్రహణం పట్టబోయే వేళకు మా అత్తగారు నన్ను వంటింటి వెనక సామాన్ల గదిలోకి తీసుకెళ్ళింది. కిటికీకి గోనెపట్టా కట్టేసి ఉంది. తలుపు సందుల్లో పాత చీరలు దూర్చి ఉన్నాయి. మధ్యలో నులకమంచం.

"వెల్లకిలా పడుకో. ముడుచుకోకు. చెయ్యి మడవకు. గోక్కోకు. నేను తలుపు తీసేదాకా కదలకు."

"దోమ కుడితేనండీ?"

"కుట్టనీ."

తలుపు వేసింది. బయట గుమ్మానికి ఆనుకుని కూచుని కీర్తన ఎత్తుకుంది.

మొదట కళ్ళకు ఏమీ కనపడలేదు. కాసేపటికి నేల మీద అక్కడక్కడా రూపాయి బిళ్ళలంత వెలుగు చుక్కలు కనపడ్డాయి. పైకి చూశాను. ఆ గదికి తాటాకు కప్పు. వానలు వెనకబట్టినప్పటి నుంచీ కొత్త ఆకు వేయించమని ఆయనకు చెబుతూనే ఉన్నాను. లాంతరు బొమ్మల హడావుడిలో ఆయనకు తీరలేదు. పాత ఆకు ఎండి, చీమ దూరేంత సందులు పడ్డాయి, ఆ సందుల్లోంచి ఎండ. సందు ఏ ఆకారంలో ఉన్నా కింద వెలుగు గుండ్రంగానే ఎందుకు పడుతుందో మద్రాసులో మాకు పాఠం చెప్పారు. అది సందు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. పరీక్షలో అడిగారు కూడా. ఆ జవాబు మళ్ళీ ఎక్కడైనా పనికొస్తుందని నేను అనుకోలేదు.

చూస్తుండగానే ప్రతి బిళ్ళకూ ఒకే పక్క చిన్న నొక్కు పడింది. పళ్ళెంలో ఉన్న అరిసెలన్నిటినీ ఎవరో వరసగా ఒకే చోట కొరికినట్టు. నొక్కు పెరిగింది. అరిసెలు నెలవంకలయ్యాయి. చిన్నవీ, సన్నవీ, తలకిందులవీ, గది నిండా. వంతెన దగ్గర ఒక్కో మనిషికీ ఒక్కో సూర్యుడైతే, నాకు లెక్కలేనంత మంది. నా మెడ నొప్పి పుట్టలేదు, కంట్లో నీళ్ళు కారలేదు, మసి అంటలేదు. కాకినాడ మొత్తంలో ఆ గ్రహణాన్ని అంత సుఖంగా పడుకుని చూసినది నేనొక్కదాన్నే అయి ఉండాలి.

పొద్దు జరిగిన కొద్దీ అవీ జరిగాయి. నేల మీంచి మంచంకోడు మీదికి, కోడు మీంచి నా చీర మీదికి, చీర మీంచి సరిగ్గా నా పొట్ట మీదికి పాకాయి. పక్కకు జరగొచ్చు. కదలొద్దని పెద్దవాళ్ళు చెప్పారు గనక కదలలేదు. అంత విధేయంగా నేను ఏనాడూ లేను.

"అమ్మాయ్, లోపల చీకటిగానే ఉందా?" బయటి నుంచి మా అత్తగారు.

"కటిక చీకటండీ అత్తయ్యగారూ."

"భయపడకు. ప్రార్థన చేసుకో."

"చేసుకుంటున్నానండి."

వెలుతురు పల్చబడి పల్చబడి, వెన్నెల లాగా, కానీ వెన్నెల కాని ఏదో రంగులోకి వచ్చింది. ఎక్కడో కోడి తికమకపడి కూసింది. అప్పుడే లోపల బిడ్డ కదిలింది. పొట్ట మీద నెలవంకలన్నీ ఒక్కసారి అదిరాయి. చిన్నమ్మాయి కూడా అలాగే కదిలేది. దానికి నేను ఏ అపకారమూ చెయ్యలేదని నాకు తెలుసు. పుస్తకంలో చదువుకున్న తెలియడం అది. ఆ రోజు ఆ నెలవంకల కింద పడుకుని, పుస్తకం అక్కర్లేకుండా తెలుసుకున్నాను. భయం వేస్తుందేమోనని చూసుకున్నాను. వెయ్యలేదు. ఒంటరిగా మాత్రం అనిపించింది. పక్కన ఉండి, చూశావా రూతూ అనవలసిన మనిషి వంతెన దగ్గర ఇతరులకు చూపిస్తున్నాడు.

సాయంత్రం ఆయన ముక్కు మీద మసితో, ముఖం వెలిగిపోతూ వచ్చారు. "జనం విరగబడ్డారనుకో," అని మొదలుపెట్టి వాళ్ళమ్మకు చెబుతున్నారు. ఇంతలో పాలు పోసే అచ్చాయమ్మ వచ్చింది. చొల్లంగిలో మునిగి, తడిజుట్టు ముడేసుకుని, కోడలు లోవలక్ష్మిని ఇంటి దగ్గర దింపి, నేరుగా మా వాకిట్లోకి.

"యెహెజ్కేలు మేష్టారు ఎంత బాగా చెప్పారండీ," అంది చెంబులో పాలు వంపుతూ. "మా లోవలక్ష్మిని ఇంట్లోనే పెట్టి తాళం వేద్దామనుకున్నాం. ఒక్కదాన్నీ ఒదిలెళ్ళలేక, గ్రహణం పొడ సోకకుండా చాప కప్పి బండిలో తీసుకెళ్తున్నానా, వంతెన దగ్గర ఈయనగారి మాట చెవినబడింది. కడుపుతో ఉన్నోళ్ళు చూసినా ఏం కాదు, ఆ నెపం తల్లి మీద వెయ్యడం అజ్ఞానం అన్నారు. ఇంత చదువుకున్న మనిషి ఊరికే అంటాడా అని బండి ఆపించాను. చాప తీసేసి, దిగి, గాజులోంచి చూసేసిందండీ మా పిల్ల."

మా అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆయన చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఆగిపోయింది. "ఎన్నో నెల?" అన్నారు.

"ఆరోది."

"ఎంతసేపు చూసింది?"

"తనివితీరా చూసింది. మీరే గదా గాజు చేతికిచ్చారు." అచ్చాయమ్మ నా వైపు తిరిగింది. "అదేంటండి రూతమ్మగారూ, మేష్టారి పక్కన మీరుంటారనుకున్నాను. ఎక్కడా అవుపడలేదేంటి?"

"ఒంట్లో బాగోలేదు," అన్నాం ముగ్గురమూ.

అది మొదలు ఆయనకు కొత్త అలవాటు పట్టుకుంది. సాయంత్రం షికారు రేవు వైపు వెళ్ళేది కాస్తా అచ్చాయమ్మ వీధి వైపు మళ్ళింది. లోవలక్ష్మి ఎలా ఉంది, తిండి తింటోందా, నిద్ర పడుతోందా అని అడిగి వచ్చేవారు. ఆ ఇంట్లో వాళ్ళు మేష్టారి మంచితనానికి కరిగిపోయేవాళ్ళు. గ్రహణం వల్ల ఏమీ కాదని నాలుగు వందల మందికి చెప్పిన మనిషి, చూసిన ఆ ఒక్క పిల్ల కోసం రాత్రిళ్ళు నిద్రపోవడం మానేశాడు. ఒకరోజు, "ఏమండీ, రాహువు కనపడ్డాడా ఆ వీధిలో" అన్నాను. ఆ ఒక్కసారీ ఆయన నవ్వలేదు.

ఏప్రిల్ చివర లోవలక్ష్మికి మగపిల్లాడు పుట్టాడు. కబురు తెచ్చిన అచ్చాయమ్మను ఆయన అడిగిన మొదటి మాట, "పెదవి ఎలా ఉంది?"

"దొండపండులా ఉందండీ."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. ఆ రాత్రి గుర్రు పెట్టి నిద్రపోయారు.

మే నెలలో నాకు ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని చేతుల్లోంచి మా అత్తగారు అందుకుని, పట్టపగలు దీపం తెప్పించి మరీ పెదవి చూసింది, నోరు తెరిచి అంగిలి చూసింది, చేతివేళ్ళు చూసింది. తరవాత బిడ్డను గుండెకు అదుముకుని వెక్కివెక్కి ఏడ్చింది. "అన్నీ నిండుగా ఉన్నాయి నా తల్లికి" అని సంపూర్ణమ్మ అని తనే పేరు పెట్టింది. మొదటి ఆదివారం గుళ్ళో లేచి సాక్ష్యం చెప్పింది. ఈసారి కోడల్ని చీకటి గదిలో పెట్టి తలుపు దగ్గర తాను ప్రార్థన చేశాననీ, ఒక్క కిరణం కూడా లోపలికి పోకుండా దేవుడు కాపాడాడనీ. అందరూ ఆమేన్ అన్నారు. ఆయన కూడా అన్నారు.

ఇంటికి వచ్చాక, ఆవిడ పెరట్లో ఉండగా, ఆయనకు చెప్పాను. కప్పు సందుల సంగతీ, నెలవంకల సంగతీ, అవి నా పొట్ట మీద ఆడినంతసేపు ఆడి దిగిపోయిన సంగతీ.

ఆయన ఉయ్యాల వంక చూశారు. సంతోషిస్తారేమో అనుకున్నాను. ఆయన ఉపన్యాసానికి ఇంతకంటే మంచి రుజువు ఏ పుస్తకంలో దొరుకుతుంది? ఆ రుజువు ఉయ్యాలలో కాళ్ళాడిస్తూ ఉంది.

"అమ్మకు చెప్పకు," అన్నారు.

"ఎందుకండీ?"

"ఇప్పుడంతా సరిగ్గా ఉంది గదా. ఎందుకు కదపడం?"

"మరి చిన్నమ్మాయి సంగతో?"

ఆయన లేచి, కప్పుకు కొత్త తాటాకు వేయించే మనుషుల కోసం వెళ్ళారు.

బళ్ళు తెరిచాక, గుళ్ళో లాంతరు బొమ్మలతో మూఢనమ్మకాల మీద ఒక ఉపన్యాసం పెట్టమని దొరగారు అడిగారు. "నువ్వే రాసిపెట్టు రూతూ. వంతెన దగ్గర చెప్పినదాని కంటే కాస్త గట్టిగా ఉండాలి. మనసుకు తగలాలి," అన్నారు ఆయన. గట్టిగానే రాశాను. పిల్లి ఎదురు రావడం, తుమ్ము, వారశూల, అన్నీ అయ్యాక నాలుగో కాగితం మీద ఇలా రాశాను:

"రెండేళ్ళ కిందట ఒక చంద్రగ్రహణం రాత్రి, గర్భవతిగా ఉన్న నా భార్యను నేనే నిద్ర లేపి, బయటికి పిలిచి, దుర్భిణిలో చూపించాను. ఆ బిడ్డ మొర్రితో పుట్టి చనిపోయింది. అందరూ ఆమెనే తప్పుపట్టారు. పిలిచింది నేనని నేను చెప్పలేదు. నేను పిలవడమూ తప్పు కాదు, ఆమె చూడటమూ తప్పు కాదు. చెప్పకపోవడమే తప్పు."

ఆయన మామూలుగానే చదవకుండా మడిచి జేబులో పెట్టుకున్నారు.

గుడి నిండిపోయింది. మా అత్తగారు ముందు వరసలో కూచుంది. నేను సంపూర్ణాన్ని ఒళ్ళో వేసుకుని ఆవిడ పక్కన. దీపాలు ఆర్పేశారు. తెర మీద చంద్రుడు వచ్చాడు. ఆయన గొంతు పిల్లుల్ని దాటింది, తుమ్ముల్ని దాటింది. నాలుగో కాగితం తిప్పిన చప్పుడు నాకు వినపడింది.

"రెండేళ్ళ కిందట ఒక చంద్రగ్రహణం రాత్రి, గర్భవతిగా ఉన్న..."

ఆగారు. చీకట్లో గ్లాసు చప్పుడు, నీళ్ళు తాగిన చప్పుడు. ఇంత కాలం కాచుకున్న మాట ఆయన ముందర కాగితం మీద ఉంది. చదివితే చాలు.

"...గర్భవతిగా ఉన్న తన భార్యను, మనకు తెలిసిన ఒకాయన, తనే నిద్ర లేపి బయటికి పిలిచాడు," అన్నారు.

ఆ తరవాత ఎక్కడా తడబడలేదు. ఆ 'ఒకాయన'ను చివరి దాకా నడిపించుకు వెళ్ళారు. "చెప్పకపోవడమే తప్పు" అన్నప్పుడు గొంతు చక్కగా వణికింది కూడా. దీపాలు వెలిగేసరికి సగం మంది ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. దొరసానిగారు ఆయన చెయ్యి పట్టుకుని, "మీ హృదయము మిక్కిలి మెత్తనిది," అన్నారు.

ఇంటికి వచ్చి ఆయన అన్నానికి కూచున్నారు. నేను వడ్డిస్తున్నాను. మా అత్తగారు ఉయ్యాల ఊపుతూ ఉంది, కానీ ఆవిడ మనసు గుళ్ళోనే ఉండిపోయింది.

"ఎవడ్రా ఆ మొగుడు?" అంది.

"ఎవరో లేమ్మా," అన్నారు ఆయన పప్పులో నెయ్యి కలుపుకుంటూ.

"తెలిసినాయనన్నావుగా. తనే పిలిచి, తనే చూపించి, పాపం ఆ పిల్ల మీద నెపం పడుతుంటే నోరు మూసుక్కూచున్నాడా? వాడి తల్లి ఏం చేస్తోందంట? అడిగి నాలుగు చీవాట్లెయ్యొద్దూ?"

"ఈ ఊరు కాదులేమ్మా."

"ఏ ఊరైతేనేం." ఆవిడ నా వైపు తిరిగింది. "రాసింది నువ్వే గదా అమ్మాయ్. నీకు తెలిసే ఉంటాది. ఎవరే వాడు?"

"తెలుసండి."

"పేరేంటి?"

ఆయన ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. నా వంక చూశారు. రెండేళ్ళలో ఆయన నా వంక అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు.

"ఆయన పేరు నేను పలకకూడదండీ అత్తయ్యగారూ," అన్నాను.

ఉయ్యాల ఆగిపోయింది. ఆ పత్రికలు రాసినాయన అంటూ బతుకంతా గడిపిన మనిషికి అంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు. ఆడదాని నోట రాని పేరు లోకంలో ఒక్కటే ఉంటుంది. ఆవిడ కొడుకు వంక చూసింది. కొడుకు కంచం వంక చూస్తున్నాడు. ఇప్పుడైనా, అనుకున్నాను. ఇప్పుడు కాగితం కూడా అక్కర్లేదు. అవునమ్మా అంటే చాలు.

ఆవిడ ముఖంలో ఏదో వచ్చి, నిలబడబోయి, వెళ్ళిపోయింది. తరవాత మళ్ళీ ఉయ్యాల తాడు అందుకుంది.

"వాడు పిలిచాడే అనుకో," అంది మెల్లగా, నాతోనే. "వాడికేం తెలుసు, మగాడు. నువ్వు చదువుకున్నదానివి. వెళ్ళకూడదని నీకు తెలీదూ?"

ఆయన మిగిలిన అన్నం కంచం మధ్యకు లాక్కున్నారు.

"కాస్త మజ్జిగ పొయ్యి," అన్నారు.

పోశాను.